రోమన్ వంతెనలో రోమన్లు కట్టింది ఎంత?

పోయిన వేసవిలో మా వంటింటి అలమరలో కడప బండ పగిలింది. ఆవకాయ జాడీలు మూడూ తెచ్చి సరిగ్గా బండ మధ్యలో పెట్టాం. రెండో రోజు మధ్యాహ్నం టప్పుమని చప్పుడు. వెళ్లి చూస్తే బండ పైన ఏమీ లేదు, అడుగున మాత్రం వెంట్రుకంత గీత. జాడీలు దించి పక్కన పెట్టేలోపు ఆ గీత పైదాకా పాకి బండ రెండు ముక్కలైంది. మా నెల్లూరులోని స్టోన్‌హౌస్‌పేట నుంచి మేస్త్రి వచ్చి చూశాడు. "రాయికి మొయ్యడం తెలుసు సార్, సాగడం తెలీదు" అన్నాడు. తర్వాత నేను వంతెనల గురించి చదివిందంతా ఆ ఒక్క మాటలో ఉందని అప్పుడు నాకు తట్టలేదు.

(స్టోన్‌హౌస్‌పేట అంటే రాతి ఇళ్ల పేట అనుకునేరు. అది ఓ తెల్లదొర పేరు.)

అదే వేసవిలో మాడ్రిడ్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి సెలవులకు వచ్చి, పట్టుబట్టి మాకు గేమ్ ఆఫ్ థ్రోన్స్ అనే ఇంగ్లీషు సీరియల్ చూపించింది. అయిదో సీజన్‌లో వొలాంటిస్ అనే ఊరు వస్తుంది. ఆ ఊళ్లో నది మీద చూపు ఆననంత పొడవు వంతెన, దాని మీద మిద్దెలు, అంగళ్లు, ఇసుక వేస్తే రాలనంత జనం. "ఇది నిజం వంతెనే నాన్నా. స్పెయిన్‌లో కొర్దోబా అనే ఊళ్లో ఉంది. రెండు వేల ఏళ్ల కిందటి రాతి వంతెన. మీరొస్తే తీసుకెళ్తా" అంది.

అక్టోబరులో వెళ్లాం. వెళ్లొచ్చాక ఆ పిల్ల మాటలోని మూడు ముక్కలూ నన్ను వదల్లేదు. నిజం వంతెన, రాతి వంతెన, రెండు వేల ఏళ్ల వంతెన. మూడూ అబద్ధం కావు. అలాగని ఏదీ పూర్తిగా నిజమూ కాదు.

నిజం సంగతి తొందరగానే తేలిపోతుంది. షూటింగ్ 2014 అక్టోబరులో జరిగింది. సీరియల్‌వాళ్లు వాడుకున్నది కమానులు, దిమ్మెలు, కింద నది. మీద కనిపించే ఇళ్లూ దుకాణాలూ కంప్యూటర్‌లో అతికించినవి. పొడవు కూడా సాగదీశారు. అసలు వంతెన 247 మీటర్లు, వెడల్పు దాదాపు 9 మీటర్లు, 16 ఖానాలు (ఖానా అంటే రెండు దిమ్మెల మధ్య కమాను దాటే సందు). రోజూ పెన్నా దాటి కోవూరు పోయొచ్చేవాళ్లకు ఇదేమంత పొడవనిపించదు. ఊరివైపు ద్వారం దగ్గర నిలబడి మా ఆవిడ "ఇంతేనా?" అంది. ఆమెను తప్పు పట్టలేం. టీవీ చూసి వెళ్లినవాళ్లు ఎవరైనా మొదట అనేది అదే.

అయితే వంతెన మీద ఇళ్లు అన్నది మాత్రం వాళ్ల ఊహ కాదు. లండన్‌లో థేమ్స్ మీద 1209లో పూర్తయిన పాత వంతెన మీద అయిదు వందల ఏళ్ల పైగా ఇళ్లూ అంగళ్లూ ఉండేవి. 1760 ప్రాంతానికి గానీ వాటిని పూర్తిగా తీసేయలేదు. ఫ్లోరెన్స్‌లో పోంటే వెక్యో మీద ఇప్పటికీ దుకాణాలున్నాయి. లండన్ వంతెన మీది ఇళ్ల అద్దెలు ఆ వంతెన మరమ్మతులకు పోయేవి. ఈ అద్దెల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

కడప బండా, కమానూ

రాతి వంతెన అన్న మాటకు వస్తే, మా అలమర బండ ఎందుకు పగిలిందో ముందు చూడాలి. రెండు చివరలా ఆనించిన బండ మధ్యలో బరువు పెడితే అది కంటికి కనపడనంత వంగుతుంది. వంగినప్పుడు పై పొర నొక్కుకుంటుంది, కింది పొర సాగుతుంది. నొక్కితే రాయి ఎంతైనా ఓర్చుకుంటుంది. సాగదీస్తే దానికి ఆ నొక్కుడులో పదో వంతు బలం కూడా ఉండదు. అందుకే గీత ఎప్పుడూ అడుగున మొదలవుతుంది. ఇప్పుడు మనం పోసుకునే స్లాబులో, లింటెల్‌లో ఇనుప కడ్డీలు అడుగువైపు పెట్టేది అందుకే. సాగే పని ఇనుముది, నొక్కుకునే పని కాంక్రీటుది.

ఇనుము లేని కాలంలో ఒక దారి ఉంది. దూలాన్ని పొట్టిగా ఉంచడం. మన గుళ్లలో మండపాలకు అన్నన్ని స్తంభాలు ఎందుకు? అందం ఒక కారణం. రాతి దూలం ఎక్కువ దూరం దాటలేదన్నది ఇంకో కారణం. ఉదయగిరి కొండ ఎక్కితే ఈ రెండు పద్ధతులూ ఒకే కొండ మీద కనిపిస్తాయి. గుడిలో స్తంభాలు, వాటి మీద రాతి దూలాలు, మసీదులో కమానులు. గుడికి పది అడుగులకో స్తంభం పెట్టుకోవచ్చు. నదిలో అలా పెడితే అది వంతెన అవ్వదు, నీళ్లకు అడ్డుకట్ట అవుతుంది.

కమాను చేసే పని ఒక్కటే. సాగడం అన్నదాన్నే లేకుండా చేస్తుంది. రాళ్లను కొసకు సన్నగా, వెనక వెడల్పుగా చెక్కి వంపుగా పేరుస్తారు. బరువు పడినకొద్దీ ఒక్కో రాయీ పక్క రాయిని నొక్కుతుంది. ఎవరూ ఎవరినీ లాగరు.

దీన్ని కళ్లతో చూడాలంటే గుమ్మానికి కట్టిన మామిడాకుల తోరణం చూడండి. రెండు మేకుల మధ్య దారం ఒక వంపులో వేలాడుతుంది. దారానికి నొక్కుడు తెలీదు, లాగుడే తెలుసు. కాబట్టి ఆ వంపులో ఉన్నదంతా లాగుడే. ఆ వంపును ఉన్నదున్నట్టు తలకిందులు చేసి రాతితో కడితే లాగుడంతా నొక్కుడైపోతుంది. ఇంగ్లండులో రాబర్ట్ హుక్ అనే శాస్త్రవేత్త ఈ సంగతిని 1675లో అక్షరాలు తారుమారు చేసి, గూఢంగా అచ్చువేశాడు. రోమన్లకు ఈ లెక్క తెలీదు. వాళ్లు వేసింది సగం వృత్తం. సరైన వంపుకూ సగం వృత్తానికీ ఉండే తేడాను కమానుల మందంతో, పైన నింపిన రాయీ మట్టితో సర్దుకున్నారు. బరువు పెంచితే కూలిపోతుందేమో అనుకుంటాం గానీ, కమానుకు పైన సమంగా పడే బరువు మంచిదే. రాళ్లను ఇంకా బిగించి పట్టుకుంటుంది.

బండ మార్చడానికి వచ్చిన మేస్త్రిని ఇదంతా అడిగితే నోటితో చెప్పలేదు. గేటు దగ్గర మిగిలిన ఇసుకను కుప్పగా పోసి, తడిపి, అరచేత్తో గుండ్రంగా సర్దాడు. దాని మీద ఇటుక ముక్కలు వరసగా పేర్చి, సందుల్లో పెంకులు దూర్చాడు. రెండు చివరలా రెండు బండరాళ్లు ఆనించాడు. తర్వాత కింద ఇసుకను వేళ్లతో మెల్లగా తోడేశాడు. ఇటుకలు నిలబడ్డాయి. వాటి మీద నన్ను కాలు పెట్టమన్నాడు. కొంచెం భయపడుతూనే పెట్టాను. కదల్లేదు.

"సెంట్రింగ్ తీసేశాం గదా సార్. ఇప్పుడిది చూడండి" అంటూ చివరి బండరాయిని కాలితో బెత్తెడు పక్కకు జరిపాడు. మొత్తం నేలమట్టం.

ఆ ఇసుక కుప్పే సెంట్రింగ్. రోమన్ల కాలంలో అది చెక్క చట్రం. నడినెత్తి రాయి పెట్టేదాకా కమాను తన కాళ్ల మీద తాను నిలబడలేదు. పెట్టాక ఇంక చట్రంతో పని లేదు. ఇక మేస్త్రి జరిపిన చివరి రాయి ఉందే, కమాను జాతకమంతా దానిలోనే ఉంది. కమాను బరువును కిందికే కాదు, పక్కలకూ తోస్తుంది. ఆ తోపును ఆపే గట్టి ఆధారం రెండు వైపులా ఉన్నంతకాలం అది ఉంటుంది.

నదిలో పదహారు ఖానాలు వరసగా ఉంటే ఒక కమాను ఇటు తోసేదాన్ని పక్క కమాను అటు తోసి సరిచేస్తుంది. ఒకటి పడిపోతే? సన్నని దిమ్మెలైతే పేకమేడలా మిగతావన్నీ వరసగా పోతాయి. రోమన్ల దిమ్మెలు బాగా లావు. పక్క కమాను పోయినా ఆ దిమ్మె ఒక్కటే తోపును ఆపుకోగలదు. కాబట్టి వరదకు రెండు ఖానాలు పోతే ఆ రెండే కట్టుకోవచ్చు, వంతెన మొత్తం మళ్లీ మొదలుపెట్టనక్కర్లేదు. వంతెనలు కూలినప్పుడల్లా పాతకాలం పనితనం అలాంటిది, ఇలాంటిది అని మనం పొగుడుకుంటాం. నాకు మాత్రం వాళ్ల పనితనం కంటే ఈ దిమ్మెల లావులో ఉన్న అనుమానం నచ్చింది. ఏదో ఒకరోజు ఏదో ఒక ఖానా పోతుందని ముందే ఒప్పుకుని కట్టినట్టుంటుంది.

ఇంకో మాట. రాతి కమానుకు బీట పడగానే అయిపోయిందనుకోనక్కర్లేదు. దిమ్మెలు ఒక వెంట్రుకవాసి జరిగినా కమాను రెండు మూడు చోట్ల సన్నగా విచ్చుకుని, తలుపు కీలులా సర్దుకుని నిలబడుతుంది. నాలుగో చోట కూడా కీలు తెరుచుకుంటే అప్పుడు కూలుతుంది.

రెండు వేల ఏళ్లు ఎవరివి?

అసలు చిక్కు ఇక్కడుంది.

క్రీస్తుపూర్వం 45లో జూలియస్ సీజర్ యుద్ధానికి కొర్దోబా దగ్గరికి వచ్చాడు. నది లోతుగా ఉంది, దాటే వీలు లేదు. బుట్టల నిండా రాళ్లు నింపి నదిలోకి దించి, వాటి మీద దూలాలు పరిచి సైన్యాన్ని దాటించాడని ఆ యుద్ధం గురించి అప్పట్లోనే రాసిన వృత్తాంతంలో ఉంది. చదువుతుంటే మనకు వరదలప్పుడు గండి పడిన కట్టకు ఇసుక బస్తాలు వేసే దృశ్యమే కళ్ల ముందు కదులుతుంది. రాతి వంతెన ఆ తర్వాత, రోమన్ చక్రవర్తి ఆగస్టస్ కాలంలో వచ్చిందని సాధారణంగా చెబుతారు. అక్కడి నుంచి వియా అగస్టా అనే రోమన్ రాజమార్గం కాదిస్ రేవుదాకా పోయేది.

711లో అరబ్బు, బెర్బెర్ సైన్యాలు వచ్చేనాటికి వంతెన పాడుబడి ఉంది. 720 ప్రాంతంలో అల్ సమ్హ్ అనే గవర్నర్ దాన్ని మళ్లీ కట్టించాడు. దానికి రాళ్లు ఎక్కడివి? ఊరి ప్రాకారం విప్పి తెచ్చారు. డమాస్కస్‌లో ఉన్న ఖలీఫా రెండో ఉమర్ అనుమతి తీసుకునే ఆ పని చేశారు. గోడకైతే ఇటుక సరిపోతుంది, నదిలో నిలబడాలంటే రాయే కావాలి. పాత రాతితోనే కట్టారు, కానీ ఆ రాయి వంతెనది కాదు, గోడది. దాన్ని రోమన్ అనాలా, అరబ్బుల కట్టడం అనాలా?

ఆ తర్వాత కూడా శతాబ్దాల తరబడి వరదలు, మరమ్మతులు. ఇప్పుడున్న పదహారు కమానుల్లో నాలుగు మొన తేలినవి, మిగతావి గుండ్రటివి. మొన తేలిన కమాను పక్కలకు తక్కువ తోస్తుంది. రోమన్లు అలాంటివి వేసేవాళ్లు కాదు. మొదట పదిహేడు ఖానాలు ఉండేవి, ఇప్పుడొకటి తక్కువ. ఊరివైపు ద్వారం నుంచి లెక్కపెడితే 14, 15 కమానులు మాత్రమే రోమన్ల నాటివని చెబుతారు. అంటే రోమన్ వంతెన అని పేరుపడ్డ కట్టడంలో రోమన్లవి రెండు ఖానాలు. మిగతా పద్నాలుగూ తర్వాతి వాళ్లవి.

దీనికి మోసపోయామని అనుకునేవాళ్లు ఉంటారు. నాకలా అనిపించలేదు. మన ఊళ్లో తేరు చక్రాలు మారుస్తాం, ధ్వజస్తంభం పుచ్చితే కొత్తది నిలబెడతాం, గోపురానికి మళ్లీ రంగులేసి కుంభాభిషేకం చేస్తాం. ఇది పాత గుడి కాదని ఎవరూ అనరు కదా. దిమ్మెలు నిలిపిన చోటు, నదిని దాటే గీత, ఊరి ద్వారం నుంచి అవతలి గట్టుకు నడిచే దారి రెండు వేల ఏళ్లుగా అవే. 1953లో ఇంకో వంతెన కట్టేదాకా ఆ ఊరికి నది దాటడానికి ఇదొక్కటే వంతెన. పనిలో ఉన్న వంతెన కాబట్టి పాడైనప్పుడల్లా ఎవరో ఒకరు బాగుచేశారు. ఎవరికీ అక్కర్లేకపోయి ఉంటే ఆ రాళ్లు ఎవరి ఇంటి గోడల్లోకో పోయేవి.

లండన్ అద్దెల సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. కట్టడానికి ఒక రాజు చాలు. నిలబెట్టడానికి ఏటా డబ్బు కావాలి. మన వైపు ఈ చిక్కును దశబంధం అనే పద్ధతితో తీర్చేవాళ్లు. చెరువు తవ్వించినవాళ్లకు, దాన్ని బాగుచేస్తూ ఉండేవాళ్లకు ఆ చెరువు కింద కొంత మాన్యం ఇచ్చేవాళ్లు. చెరువు ఎండితే వాళ్ల పొలమూ ఎండుతుంది. ఇంకెవరూ చెప్పక్కర్లేకుండానే కట్ట మీదికి పరిగెడతారు. విజయనగర రాజుల నాటి కంభం చెరువులో ఇవాళ కూడా నీళ్లు నిలుస్తున్నాయంటే, కట్ట రాతి గొప్పతనం ఒక్కటే చాలదు కదా.

కొర్దోబా వంతెనకు ఇటీవల చేసిన మరమ్మతు దగ్గరికి వస్తే అక్కడా గొడవలున్నాయి. 2004లో వంతెన మీద వాహనాలు ఆపేశారు. 2006 నుంచి 2008 దాకా పెద్ద ఎత్తున బాగుచేశారు. నడిచే దారికి గులాబీ రంగు గ్రానైట్ పలకలు పరిచారు. అది ఆ ఊళ్లో చాలామందికి నచ్చలేదు. నాకూ నచ్చలేదని చెప్పక తప్పదు. చీమకుర్తి గ్రానైట్ చూసి పెరిగినవాళ్లం, రాయి అంటే మాకు పరాయిది కాదు. అయినా ఆ నున్నటి పలకల మీద నడుస్తుంటే ఏదో కొత్త షాపింగ్ మాల్ ముందు వాకిట్లో ఉన్నట్టుంటుంది. పిట్టగోడ మీద నుంచి వంగి కిందికి చూస్తే గానీ పాత వంతెన మీద ఉన్నట్టు గుర్తు రాదు.

పాత రాతికట్టడాలను బాగుచేసేటప్పుడు పలకల కంటే సందుల్లో పెట్టేదాంతోనే ఎక్కువ ప్రమాదం. పాత కట్టడాల్లో సున్నం ఉంటుంది. మన పెద్దవాళ్లు గానుగలో ఆడించి, బెల్లం నీళ్లో కరక్కాయ నీళ్లో కలిపి వాడిన డంగు సున్నం లాంటిదే. సున్నం మెత్తన. రాళ్లు కొంచెం కదిలితే తానూ కదులుతుంది, చెమ్మను బయటికి వదిలేస్తుంది. గట్టిగా ఉంటుంది కదా అని దాని చోట సిమెంటు కూరితే, చెమ్మ సందుల్లోంచి పోలేక రాతిలోంచే పోతుంది. పదేళ్లలో సిమెంటు అలాగే ఉంటుంది, దాని పక్క రాయి పొరలు పొరలుగా రాలుతుంది. మన పాత గుళ్లలో ఎన్ని చోట్ల ఈ పని చేశారో చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

పైన వంతెన, కింద ఇసుక

రాతి వంతెనను బరువు కూల్చడం అరుదు. నీళ్లు కూలుస్తాయి. అది కూడా ముందు నుంచి గుద్ది కాదు, కింద నుంచి తవ్వి.

మైపాడు బీచ్‌లో అల వెనక్కి పోయేటప్పుడు నిలబడి చూడండి. మడమల కింద ఇసుక గిలిగింతలు పెడుతూ జారిపోతుంది, మనిషి వెనక్కి ఒరుగుతాడు. నదిలో దిమ్మెకు జరిగేది కూడా ఇంచుమించు అదే. దారికి అడ్డం వచ్చిన దిమ్మెను తాకిన నీళ్లు కొంత కిందికి దూకుతాయి. దిమ్మె ముక్కు దగ్గర సుడి తిరిగి ఇసుకను తోడి, రెండు పక్కల నుంచి వెనక్కి తోసేస్తాయి. దిమ్మెలు లావైతే వాటి మధ్య సందు తగ్గి నీళ్ల వడి పెరుగుతుంది. వడి పెరిగితే కోత పెరుగుతుంది. ఇందాక నేను మెచ్చుకున్న లావు దిమ్మెలకు ఉన్న శాపం ఇదే. లండన్ పాత వంతెన దగ్గర దిమ్మెల మధ్య నీళ్లు జలపాతంలా దూకేవి, పడవలు తిరగబడి మనుషులు పోయేవాళ్లు.

ఇంకా చిక్కేమిటంటే, వరద తగ్గేటప్పుడు అదే నది ఆ గోతిని వదులు ఇసుకతో పూడ్చేస్తుంది. మర్నాడు వెళ్లి చూస్తే అంతా మామూలుగా ఉంటుంది. లోపల మాత్రం పట్టు లేదు.

దీనికి పాతకాలంలో చేసిన ఉపాయం, దిమ్మెకు ఎగువవైపు పడవ ముక్కులాంటి మొన పెట్టడం. కొర్దోబాలో అవి స్పష్టంగా కనిపిస్తాయి. నీళ్లు మొనను తాకి రెండుగా చీలి పోతాయి. కోత తగ్గుతుంది గానీ పోదు.

పెన్నా మనిషికి ఇదంతా పుస్తకం చదివి తెలుసుకోవాల్సిన సంగతి కాదు. 2021 నవంబరులో వచ్చిన వరదకు పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. రోడ్డు కూడా తెగి విజయవాడ వైపు రాకపోకలు ఆగిపోయాయి. అప్పుడు టీవీల్లో అందరూ చూపించింది ఆ వేలాడే పట్టాలనే. ఇనుముకు ఏమీ కాలేదు. కింద మట్టి పోయింది.

కోస్తాలో మన నదులకు అడుగున దగ్గరలో గట్టి బండ దొరకదు, ఎంత తవ్వినా ఇసుకే. అందుకే ఇక్కడ పునాదులను బావుల్లా దించుతారు. పాతరోజుల్లో ఇటుకతోనో రాతితోనో, ఇప్పుడైతే కాంక్రీటుతో గుండ్రటి బావి ఒర కట్టి, లోపలి ఇసుక తోడుతుంటే దాని బరువుకు అదే దిగుతుంది. కోత ఎంత లోతుకు పోగలదో దానికంటే కిందికి దించి, లోపల నింపి, దాని మీద దిమ్మె లేపుతారు. ఆర్థర్ కాటన్ కాలపు ఆనకట్టలు ఇసుక మీద నిలబడింది ఈ విద్యతోనే. 1850ల్లో నెల్లూరు దగ్గర పెన్నా మీద కట్టిన ఆనకట్టకు కట్టిన కొన్నేళ్లకే వరద దెబ్బ తగిలింది. మళ్లీ సరిచేశారు. తర్వాత నూట యాభై ఏళ్లకు పైగా అలా సరిచేస్తూ పొలాలకు నీళ్లిచ్చారు. 2022 సెప్టెంబరులో కొత్త బ్యారేజీ, దాని మీద వంతెనా వచ్చాయి. పాత ఆనకట్ట దగ్గర నిలబడి సెల్ఫీ తీసుకునేవాళ్లు పెద్దగా కనపడరు. ఏ సీరియల్‌వాళ్లూ రాలేదు మరి.

వెళ్లేవాళ్లకు

మాడ్రిడ్ నుంచి కొర్దోబాకు వేగం రైల్లో గంటా నలభై అయిదు నిమిషాలు. స్టేషన్ నుంచి వంతెనకు నడిచి పోవచ్చు. టికెట్ లేదు, వేళలు లేవు. జులై, ఆగస్టుల్లో మాత్రం వద్దు. అక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలు. ఆ ఎండ కోసం అంత దూరం పోనక్కర్లేదు, నెల్లూరు చాలు.

మేము మొదట ఓ టూర్‌వాళ్ల వెంట వెళ్లి తప్పు చేశాం. గైడ్ మమ్మల్ని ద్వారం దగ్గర నిలబెట్టి, సీరియల్ కబుర్లు చెప్పి, ఇరవై నిమిషాలు ఇచ్చాడు. అందరూ అక్కడే, మొదటి రెండు మూడు ఖానాల మీదే ఫోటోలు దిగారు. రోమన్ కమానులు చూడ్డానికి అంత దూరం వచ్చి, వాటికి అటు చివర నిలబడి వెనక్కి పోయారు. 14, 15 ఉన్నది అవతలి గట్టున కలవొర్రా బురుజు వైపు. మేము ఆ గుంపును వదిలేసి సాయంత్రం దాకా ఉండిపోయాం.

వంతెన మధ్యలో పిట్టగోడ మీద రఫాయేలు దేవదూత విగ్రహం ఉంది, 1651లో పెట్టింది. ఊరిని ప్లేగు పట్టి పీడించిన రోజులు అవి. ఇప్పటికీ దాని పాదాల దగ్గర పూలు పెడతారు, కొవ్వొత్తులు వెలిగిస్తారు. కరిగిన ఎర్ర మైనం రాతి మీదికి కారి గడ్డకట్టి ఉంది. మా ఆవిడ చెప్పులు విప్పి దండం పెట్టుకుంది. పక్కన నిలబడ్డ ఓ పెద్దావిడ ఈమె చెప్పుల వైపు చూసి నవ్వి, తానూ శిలువ గుర్తు వేసుకుంది. "ఇంతేనా?" అన్న మాట ఆ తర్వాత మళ్లీ వినపడలేదు.

నదిలో నీళ్లు తక్కువగా ఉన్నాయి. దిగువన పాత తిరగళ్ల ఇళ్లు, ఒడ్డున ఓ పెద్ద నీటి చక్రం, మధ్యలో రెల్లు దుబ్బులు, వాటిలో కొంగలు. ఊరి వైపు తిరిగితే 785లో మొదలుపెట్టిన పెద్ద మసీదు, ఇప్పుడు చర్చి. లోపలికి వెళ్తే కమానుల అడవి. ఒక్కో కమాను మీద ఎర్ర ఇటుక, తెల్ల రాయి ఒకటి విడిచి ఒకటి పేర్చి ఉంటాయి. కమాను రాళ్లు ఎలా పేరుస్తారో పిల్లలకు చూపించాలంటే దాన్ని మించిన చోటు లేదు. వంతెనకు ముందు అది చూసి రండి, తర్వాత వంతెన మీ కళ్లకు తానే ఏ రాయికా రాయిగా విడివిడిగా కనిపిస్తుంది.

ఎండ వాలాక బురుజు పక్క నుంచి గట్టు దిగి ఆ రెండు ఖానాల దగ్గరికి చేరాను. వెనక నుంచి లెక్కపెట్టుకోవచ్చు, రెండోది, మూడోది. రాళ్లు తేనెపట్టులా గుంటలు పడి, అంచులు అరిగి ఉన్నాయి. ఆ గుంటల మధ్యలోనే ఓ చోట పదును అంచులతో, లేత రంగులో కొత్త రాయి ఒకటి పొదిగారు. వెనకే దిగిన మా అమ్మాయి దాన్ని గోటితో గీకి చూసి, "నాన్నా, ఇదీ మార్చారు" అంది.

దగ్గర నుంచి ఓ ఫోటో తీసి మేస్త్రికి పంపాను. మన దగ్గర అప్పటికి రాత్రి పది దాటింది. అయినా వెంటనే వాయిస్ మెసేజ్ వచ్చింది, వెనక టీవీ చప్పుడుతో. "కమాను బ్రహ్మాండంగా ఉంది సార్. రాయి మంచి రాయి. అది సరేగానీ, దిమ్మె నీళ్లలోకి దిగిన చోట ఫోటో తియ్యలేదే. కింద బండ ఉందా, ఇసుకేనా?"

మళ్లీ గట్టు అంచుదాకా వెళ్లి వంగి చూశాను. నీళ్లు మట్టిరంగులో ఉన్నాయి. దిమ్మె మొన దగ్గర చిన్న సుడి ఒకటి తిరుగుతూ ఉంది.